రోగి ఊపిరికి కాపలా కాసిన డాక్టర్ లారీ

లారీ అనే మాట చెవిన పడగానే మన సాలూరు వారికి గుర్తుకు వచ్చేది ఒకటే. ఘాటు రోడ్డు ఎక్కి ఒరిస్సా వైపు పోయే బండ్లు, మెకానికు షెడ్లు, టైర్ల కొట్లు, టార్పాలిన్ కప్పిన సరుకు. మన సొసైటీ సభ్యులలో సగం మందికి అన్నం పెట్టేది ఆ లారీయే గదా. అందుచేత ఈ ఏడు సావనీరుకు డాక్టర్ లారీ గారి జీవితం వ్రాస్తామని మేము చెప్పినప్పుడు, ఈయన ఏ ట్రాన్సుపోర్టు ఓనరు అని ఒక పెద్దమనిషి అడిగినారు. కమిటీ వారందరూ నవ్వినారు. మేమూ నవ్వినాము.

ఈ లారీ గారు ఇంగ్లీషు సర్కారు కొలువులో సర్జను. పూర్తి పేరు ఎడ్వర్డ్ లారీ. 1885 నుండి 1901 వరకు హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగానూ, అక్కడి వైద్య పాఠశాలకు ప్రిన్సిపాలుగానూ పని చేసినారు. ఆపరేషన్ బల్ల మీద మత్తులో పడుకొనియున్న మనిషిని ఎలా కనిపెట్టుకొని ఉండాలి అన్న ఒక్క సంగతి మీద ఆయన జన్మంతా పట్టుబట్టి, హైదరాబాదు పేరును లండను, ఎడింబరోల దాకా తీసుకొనిపోయినారు. ఆయన నమ్మిన దానిలో కొంత నిజం, కొంత పొరపాటు. రెండూ మన వంటి కుటుంబాలు తెలుసుకొనవలసినవే.

ఈయన మీదకు మా మనసు ఎందుకు పోయినదో ముందు చెప్పుకోవాలి. పదిహేను సంవత్సరాల నాటి మాట. మా ఫుప్పూకు గాల్ బ్లాడరులో రాళ్ళు పడి, ఆపరేషన్ చేయించుటకు ఊరు దాటి ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోయినాము. పేరుతో పని లేదు. ముందు రాత్రి ఒక చీటీ చేతిలో పెట్టినారు. దాని మీద నిల్ బై మౌత్ అని ఇంగ్లీషులో వ్రాసి ఉన్నది. ఏమీ తినిపించకూడదని మేము అర్థం చెప్పినాము. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అర్థం చెప్పిన మాకే కారణం తెలియదు. ఇరవై ఏళ్ళు బడిపిల్లలకు పాఠం చెప్పినవాళ్ళం, ఇంటి మనిషికి ఒక్క ముక్క విడమరచి చెప్పలేకపోయినాము. తెల్లవారుజామున మా పెద్దక్క ప్రాణం ఆగలేదు. ఉత్త కడుపుతో కోతకు పంపిస్తే నీరసంతో పడిపోతుందని, ఫ్లాస్కులో పాల చాయ్, రెండు రస్కులు దుప్పటి చాటున తినిపించింది. ప్రేమ కొద్దీ చేసిన పని.

థియేటరు గుమ్మం దగ్గర మత్తు డాక్టరమ్మ వచ్చినది. మనిషి చిన్నది. స్ట్రెచరు పక్కన వంగి ఫుప్పూ చేయి పట్టుకొని, సగం తెలుగు, సగం వచ్చీరాని ఉర్దూ కలిపి, భయంగా ఉన్నదా అమ్మా అని అడిగినది. తరువాత కడుపులోకి ఏమైనా వెళ్ళిందా అని అడిగినది. మా అక్క లేదు లేదు అంటూనే ఉన్నది. ఫుప్పూ మాత్రం ఆ పిల్ల మొగం చూచి నిజం చెప్పేసినది. ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడినది. గది అద్దె ఒక రోజుది అదనం, మా సెలవు ఒక రోజుది దండుగ అని మేము ఆ వేళ విసుక్కున్నాము. ఆ డాక్టరమ్మ కోప్పడలేదు. మత్తులో ఉన్న మనిషికి గొంతు కాపలా పని చేయదు, కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదకు వస్తుంది, పాలు కలిసిన చాయ్ అన్నంతో సమానమే, ఆరు గంటలు వదలాలి అని మా అక్కకు నిలబడి చెప్పినది. మా అక్క అక్కడే గోడకు చేరగిలబడి ఏడ్చినది. ఆ నాటి నుండి మత్తు వైద్యం గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చినాము. అలా చదువుతూ ఉండగా మన హైదరాబాదులోనే లారీ గారు తగిలినారు.

మత్తుమందు లేని కాలంలో ఆపరేషన్ అంటే నలుగురు గట్టివాళ్ళు పట్టుకోవడం, ఒకడు కోయడం. నల్లమందో సారాయో పట్టించేవారు. సర్జనుకు ఎంత వేగం ఉంటే అంత పేరు. 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథరు పీల్పించి కణితి తీసినారు. మరుసటి ఏడు, 1847 నవంబరులో, ఎడింబరోలో సింప్సన్ అనే ప్రసూతి వైద్యుడు క్లోరోఫారంను వాడుకలోకి తెచ్చినాడు. అది వాసనకు తియ్యన, రుమాలు మీద నాలుగు చుక్కలు చాలు, త్వరగా నిద్ర పట్టిస్తుంది. లోకమంతా వరమని సంబరపడినది. మూడు నెలలు తిరగలేదు. 1848 జనవరి 28న ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర ఒక పల్లెలో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలి గోరు తీయించుకొనుటకు కూర్చున్నది. ఆమెకు ఆపరేషన్ అంటే మహా భయం, ముందు నుండీ దిగులుపడుతూనే ఉన్నదట. రుమాలు ముక్కు దగ్గర పెట్టిన రెండు మూడు నిమిషాలలో ప్రాణం పోయినది. కాలి గోరుకు పోయినది ప్రాణం. ఈ హన్నాను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, చివర మళ్ళీ వస్తుంది.

అక్కడ నుండి వైద్యులు రెండు వర్గాలైనారు. క్లోరోఫారం గుండెను ఆపుతుంది గనుక నాడి మీద వేలు పెట్టి ఉండాలని లండను వారు. ముందు ఆగేది ఊపిరి, గుండె తరువాత ఆగుతుంది, ఊపిరి చూచుకొంటే చాలునని ఎడింబరో వారు. ఎడింబరోలో సైమ్ అనే మహా సర్జను ఉండేవాడు. లారీ గారు ఆయన శిష్యులు. గురువు చెప్పిన ఊపిరి పాఠం ఆయనకు నరనరాన పట్టుకొన్నది. చదువు ముగించి ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, లాహోరులో శస్త్రచికిత్స బోధించి, 1885లో హైదరాబాదు చేరినారు.

ఆయన చేరిన పాఠశాల సంగతి కొంచెం ఆగి చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే మాకు లారీ గారి మీద ఉన్న ఫిర్యాదు అక్కడే ఉన్నది. హైదరాబాదు మెడికల్ స్కూలు పుట్టుక చిత్రమైనది. నాలుగవ నిజాం నాసిరుద్దౌలా వారికి జబ్బు చేసి, కొలువులోని హకీముల వల్ల కుదరనప్పుడు, రెసిడెన్సీ సర్జను మెక్లీన్ అనే ఆయనను పిలిచినారు. మందు మాత్రం లోపలికి పుచ్చుకోనని నవాబు గారి షరతు. మెక్లీన్ సరేనన్నాడు. ఏది తినాలి, ఏది మానాలి, ఎప్పుడు, ఎంత అన్నది విడమరచి చెప్పి పథ్యంతోనే గుణం చూపించినాడు. మెచ్చిన నవాబు 1846లో వైద్య పాఠశాల పెట్టించినారు. బోస్టన్‌లో ఈథరు వాడిన సంవత్సరం కూడా అదే. అక్కడ పాఠాలు చెప్పినది ఉర్దూలో. శరీర నిర్మాణం, మందులు, కోత, కట్టు అన్నీ ఉర్దూలోనే. దాదాపు నలభై ఏళ్ళపాటు అక్కడ నుండి బయటికి వచ్చిన వైద్యులు తాలూకాలలో రోగి పక్కన కూర్చొని, తాము చదివిన మాటలతోనే జబ్బు చెప్పగలిగినారు.

లారీ గారు వచ్చి దానిని ఇంగ్లీషుకు మార్చినారు. ఆయన వైపు కారణాలు లేకపోలేదు. కొత్త శాస్త్రమంతా ఇంగ్లీషులో వస్తూ ఉన్నది, తన శిష్యులు సీమలో కూడా తలెత్తుకొని నిలబడాలి అన్నది ఆయన కోరిక. అది నెరవేరినది కూడా. కాని ఉర్దూ మీడియం పంతుళ్ళం గనుక మాకు ఈ సంగతి చదివినప్పుడు కలుక్కుమన్నది. తరువాత 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా ఏర్పడి, తర్జుమా శాఖ వారు వేలాది శాస్త్ర పదాలను ఉర్దూలోకి తెచ్చి, వైద్యం కూడా మళ్ళీ ఉర్దూలో చెప్పినారు. 1948 తరువాత అదీ పోయినది. ఏ భాషలో చదివితే మంచి డాక్టరు అవుతాడు అన్నది వేరే తగాదా. రోగికి ఏ భాషలో చెప్పాలి అన్న దానిలో మాత్రం తగాదా లేదు. మా ఫుప్పూకు చీటీ ఇంగ్లీషులో వచ్చినది, ప్రశ్న ఆమె మాటలో వచ్చినది. ఆమె ప్రాణం కాచినది ఏదో వేరే చెప్పనక్కరలేదు.

హైదరాబాదులో మూసీ ఒడ్డున అఫ్జల్ గంజ్ ఆసుపత్రి ఉండేది. అఫ్జలుద్దౌలా నిజాం కాలంలో 1866లో కట్టినది. 1908 వరదలో కొట్టుకొనిపోయినది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ఆ రోజు నూటయాభై మంది దాకా బ్రతికినారని చెబుతారు, చెట్టు నేటికీ ఉన్నది. ఆ పాత ఆసుపత్రిలోనే లారీ గారు రోజూ ఆపరేషన్లు చేస్తూ, క్లోరోఫారం ఇచ్చేవాడిని పక్కన నిలబెట్టి శిక్షణ ఇచ్చేవారు. అప్పటి వరకు చాలా చోట్ల మత్తు ఇచ్చే పని ఎవరికి తీరిక ఉంటే వారిది. సర్జను కత్తి మీద చూపు పెడితే, మందు పోసేవాడు కూడా కత్తి వైపే చూస్తూ ఉండేవాడు. లారీ గారి దగ్గర అలా కుదరదు. మందు పోసేవాడి కన్ను, చెవి రోగి ఊపిరి మీదనే ఉండాలి. కోత ఎంత వరకు వచ్చినది అన్నది వాడి పని కాదు.

మన మెకానికు భాయిలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. బానెట్టు ఎత్తక ముందే ఇంజను చప్పుడు విని ఎక్కడ తేడా ఉన్నదో పట్టేసేవారు మన ఊళ్ళో ఎంతమంది లేరు. ఒకడు బోల్టు బిగిస్తూ ఉంటే ఇంకొకడు చెవి పెట్టి వింటూనే ఉంటాడు.

ఐతే గురువు చెప్పినాడు గనుక నిజమంటే లండను వారు ఒప్పరు గదా. 1888లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వారి సర్కారు ఖర్చుతో హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ ఏర్పడినది. కుక్కలకు క్లోరోఫారం ఇచ్చి ముందు ఊపిరి ఆగుతుందా, గుండె ఆగుతుందా అని చూచినారు. ఊపిరే ముందు ఆగుతున్నదని తేలినది. లండనులోని లాన్సెట్ అనే పేరుమోసిన వైద్య పత్రిక ఈ లెక్క నమ్మమన్నది. అప్పుడు నిజాం సర్కారు చేసిన పని మాకు మహా ఇష్టం. అలిగి కూర్చోలేదు. మీకు నమ్మకమైన మనిషినే పంపండి, ఖర్చు మాది అని వెయ్యి పౌనులు లెక్కగట్టి ఇచ్చినది. ఆ కాలంలో వెయ్యి పౌనులు అంటే సామాన్యం కాదు.

లాన్సెట్ వారు లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ణి పంపినారు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ వాడవచ్చునని 1867లో చూపించినవాడు, లోకప్రసిద్ధుడు. క్లోరోఫారం గుండెను ఆపగలదని నమ్మిన వర్గం వాడు. 1889 చివరలో హైదరాబాదు వచ్చి కూర్చొని, కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు తన కళ్ళతో చూచినాడు. ఆ మూగ జీవాల గోడు తలచుకొంటే మనసు చివుక్కుమంటుంది. వాటి ఋణం మానవజాతి మీద ఉన్నది. చూచి చూచి బ్రంటన్ మనసు మార్చుకొన్నాడు. ప్రమాదం ఊపిరి ఆడకపోవడం వల్లనో, మోతాదు మించడం వల్లనో వస్తున్నది గాని గుండె మీద నేరుగా దెబ్బ పడటం వల్ల కాదని లండనుకు తంతి కొట్టినాడు. లారీ గారికి ఇంతకన్న పండుగ ఏమి కావాలి.

1890లో లాన్సెట్ ఆ నివేదిక అచ్చు వేసినది. దానిలో ఉన్న ఆచరణ సూత్రాలు చదివితే ఇప్పటికీ ముచ్చట వేస్తుంది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ దగ్గర, రొమ్ము దగ్గర బట్టలు వదులు చేయాలి. టోపీ వంటి గుడ్డ గొట్టంలో దూది పెట్టి మందు పోసి, మొదట గాలి బాగా ఆడనిస్తూ, రోగి బెదిరి ఊపిరి బిగబట్టకుండా మెల్లగా దగ్గరకు తేవాలి. గింజుకొనేవాళ్ళకు, ముఖ్యంగా పసిపిల్లలకు, ముక్కు మూసేటట్లు అదమకూడదు. కంటిపాప పైన తాకితే రెప్ప కదలకపోతే మత్తు చాలినట్లు, ఇక ఒక్క చుక్క కూడా పోయకూడదు. ఊపిరికి అడ్డం తగిలినట్లు తోస్తే కింది దవడను ముందుకు లాగాలి. ఊపిరి ఆగితే క్షణం ఆలస్యం లేకుండా కృత్రిమ శ్వాస కల్పించాలి. మొదటి నుండి చివరి వరకు చూపు మాత్రం ఊపిరి మీద. యంత్రాలు లేని కాలంలో, పల్లె దవాఖానాలో ఒక్కడే ఉన్న డాక్టరు కూడా చేయగలిగిన పనులివి. క్లోరోఫారం పోయి చాలా కాలమైనది గాని, దవడ ముందుకు లాగడం నేటికీ ప్రతి మత్తు డాక్టరు చేతిలో ఉన్న విద్యే.

ఆయన శిష్యులలో ఒక పార్సీ యువతిని తప్పక చెప్పాలి. పేరు రూపాబాయి ఫర్దూంజీ. ఆ పాఠశాలలో చదివిన తొలి కొద్దిమంది మహిళలలో ఒకరు, 1889లో చదువు పూర్తి చేసినారు. హైదరాబాదు ఆసుపత్రులలో ఏళ్ళ తరబడి క్లోరోఫారం ఇచ్చి, 1909లో ఎడింబరో పోయి మరింత చదివి వచ్చినారు. మత్తు వైద్యమే తన పనిగా పెట్టుకొన్న మహిళలలో ప్రపంచంలోనే మొట్టమొదటివారిలో ఆమెను లెక్కిస్తారు. పరదా కట్టుబాటు గట్టిగా ఉన్న ఆ నగరంలో, మత్తులోకి జారిపోయే స్త్రీకి చివరగా కనిపించే మొగం ఇంకొక స్త్రీది కావడం ఎంత ధైర్యమో మన ఇండ్లలోని ఆడవారు చెప్పగలరు. మన ఆడపిల్లలు డాక్టరీ చదవాలా వద్దా అని నేటికీ కొన్ని ఇండ్లలో గుసగుసలు వినపడుతూనే ఉన్నవి గనుక ఈ మాట వ్రాసినాము.

ఇక లారీ గారి రెండవ వైపు. ఆయనకు పట్టుదల ఎంతో మొండితనం అంత. మలేరియా జ్వరానికి రక్తంలోని ఒక సూక్ష్మజీవి కారణమని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ చెప్పగా, అది లేనే లేదని లారీ గారు వాదించినారు. ఆయన హైదరాబాదులో ఉండగానే, ఆ ఊరిని ఆనుకొనియున్న సికింద్రాబాదులో 1897 ఆగష్టు 20న రోనాల్డ్ రాస్ ఆ క్రిమిని దోమ కడుపులో పట్టుకొన్నాడు. మలేరియాతో తరతరాలుగా వేగిన మన్యం అంచున ఉన్న మనకు ఆ రోజు విలువ తెలుసు. క్లోరోఫారం విషయంలోనూ అంతే. ఊపిరి ఒక్కటే చూడాలి, గుండె మాట ఎత్తవద్దు అన్నారు. 1901లో కొలువు చాలించి సీమకు పోయినారు. అదే ఏడు క్లోరోఫారం మీద ఒక పుస్తకం అచ్చు వేయించినారు.

పదేళ్ళ తరువాత, 1911లో, గుడ్మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫారం గుండెను నేరుగా ఆపగలదని చూపించినాడు. అదీ ఎప్పుడు? మోతాదు మించినప్పుడు కాదు, మత్తు పైపైన ఉన్నప్పుడు. భయపడినప్పుడు, నొప్పి తగిలినప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్ అనే రసం ఊరుతుంది. పలుచని క్లోరోఫారం మత్తులో ఉన్న గుండెకు ఆ రసం తగిలితే, కొట్టుకోవడం మానేసి వణకడం మొదలుపెడుతుంది. వణికే గుండె రక్తాన్ని తోయలేదు. నిమిషాలలో అంతా అయిపోతుంది.

హన్నా గ్రీనర్‌ను ఇప్పుడు తలచుకొనండి. బెదిరిపోయిన పిల్ల, రుమాలు మీద పలుచని మత్తు. ఆమె ఎందువలన పోయినదో ఇప్పటికీ వైద్యులు ఒకే మాట చెప్పరు గాని, లెవీ చూపిన కారణం ఆమెకు అతుకుతుందని చాలామంది అంటారు. లండను వారు, ఎడింబరో వారు అరవై ఏళ్ళపాటు గుండెనా, ఊపిరా అని కొట్లాడుకొన్నారు. ఆ పిల్ల మొగంలో ఉన్న భయం ఇద్దరి లెక్కలలోకీ రాలేదు. లారీ గారి సూత్రాలలో రోగిని బెదరనివ్వకుండా మెల్లగా మందు దగ్గరకు తేవాలన్నది ఉన్నది. ఐతే అది ఊపిరి బిగబట్టకుండా ఉండేందుకు మాత్రమేనని ఆయన అనుకొన్నారు. గుండెను కూడా కాచేది అదేనని ఆయనకు తోచలేదు. 1915లో ఆయన కాలం చేసినారు.

నేటి మందులు క్లోరోఫారం వంటివి కావు. నేటి థియేటరులో ఊపిరీ చూస్తారు, గుండె కూడా చూస్తారు. వేలికి తగిలించే చిన్న క్లిప్పు రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో క్షణక్షణం చెబుతుంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు ఆపరేషన్లకు ఒక చెక్ లిస్టు తయారు చేసినారు. మత్తు ఇవ్వక ముందు రోగి చేతనే పేరు, ఏ ఆపరేషన్, ఏ వైపు అన్నది చెప్పించాలి, ఆ వేలి క్లిప్పు పని చేస్తున్నదా చూచుకోవాలి అని దానిలో ఉన్నది. అంటే రోగి నోరు విప్పడం కూడా చికిత్సలో ఒక భాగమన్నమాట. మన పెద్దవాళ్ళు డాక్టరు ముందు నోరు విప్పడం మర్యాద కాదనుకొంటారు. పాత జబ్బులు, వాడే మాత్రలు, కట్టుడు పళ్ళు, బీడీ అలవాటు అన్నీ దాస్తారు. మత్తు డాక్టరు అడిగే ప్రతి ప్రశ్న వెనుక ఊపిరి ఉన్నదని తెలిస్తే దాయరు.

మా ఫుప్పూ కథలో ఇంకొక ముక్క మిగిలి ఉన్నది. మర్నాడు ఆపరేషన్ చక్కగా జరిగినది. ఆపరేషన్ అయితే గండం గడిచినట్లేనని మేము అనుకొన్నాము. ఇక చూడవచ్చేవారి వరస. జబ్బుపడినవారిని పలకరించడం మన సాంప్రదాయమే, కాదనము. కాని ఒకేసారి పదిమంది మంచం చుట్టూ చేరి, కదలకు, కుట్లు ఊడతాయి అని తలొక మాట చెప్పిపోయినారు. పక్కటెముకల కింద కోత గనుక ఊపిరి నిండా పీల్చితే నొప్పి. ఆమె భయపడి పైపైన పీలుస్తూ, దగ్గు వచ్చినా ఆపుకొంటూ, మూడు రోజులు కొయ్యలాగ పడుకొన్నది. అప్పటి వైద్యులు ఇంటికి పంపించేటప్పుడు ఇచ్చిన కాగితంలో దీర్ఘశ్వాస తీయాలి, నడవాలి అని ఉన్నదట. ఉన్నదట అంటున్నాము, ఎందుకంటే మందుల పేర్లు చూచుకొని మేము ఆ కాగితం మడిచి జేబులో పెట్టినాము. ఇంటికి వచ్చిన రెండవనాడు జ్వరం, రొమ్ములో గురక. ఊపిరితిత్తుల అడుగున కఫం పేరుకొన్నదని తేలినది.

మళ్ళీ తీసుకొనిపోయినప్పుడు ఒక నర్సమ్మ ఆమెను లేపి కూర్చోబెట్టినది. కోత మీద తలగడ పెట్టి రెండు చేతులతో అదిమి పట్టుకొని దగ్గమన్నది. కుట్లు ఊడవు, తలగడ పట్టుకొంటుంది చూడు అని చేసి చూపించినది. గంటకు పదిసార్లు నిండుగా ఊపిరి తీసి నిలిపి వదలమన్నది. లేచి బాత్రూము దాకా, తరువాత వరండా దాకా నడిపించినది. అయిదారు రోజులలో అల్లా దయవలన రొమ్ము తేలికపడినది. తలగడ ఇంట్లో ఎన్ని లేవు. చెప్పేవారు లేక, అడిగేవారు లేక, ఒక మనిషి ప్రాణం మళ్ళీ అంచు దాకా పోయి వచ్చినది. అప్పటి తప్పు ఎవరిది అని ఇంట్లో చాలా రోజులు వాదించుకొన్నాము. కాగితం చదవని పంతులుదే అని మా అక్క తీర్పు. మేము కాదనలేకపోయినాము.

ఫుప్పూకు ఇప్పుడు డెబ్బై దాటినవి. మా వీధిలో ఎవరి ఇంట్లో ఆపరేషన్ అని తెలిసినా ముందు రోజు సాయంత్రం కర్ర పట్టుకొని వెళుతుంది. మతం, కులం చూడదు, కాపు వారి కోడలైనా, కోమటి వారి అబ్బాయైనా సరే. మంచం పక్కన కూర్చొని, రేపు తెల్లవారుజామున ఎవరు ఎంత ప్రేమగా చాయ్ ఇచ్చినా తాగవద్దని, తాగితే దాచవద్దని, తన కథ మొదటి నుండి చెబుతుంది. ఇంటివాళ్ళను వేరే పిలిచి ఫ్లాస్కు ఎక్కడ ఉన్నదో అడుగుతుంది. కొందరు నవ్వుతారు. తిరిగి వచ్చేటప్పుడు తలగడ సంగతి గుర్తు చేసి, కాగితం మీద ఏమి వ్రాసినారో చదివించుకోవాలంటే మా ఇంటికి రమ్మని మా పేరు చెప్పి వస్తుంది. అందుచేత ఈ మధ్య మా ఇంటికి డిశ్చార్జి చీటీలు చాలా వస్తున్నవి.